తాయెత్తు కట్టిన చేయి

*మెడలో కరుంగాలి మాల, కాలికి నల్లదారం, గుమ్మానికి నిమ్మకాయ, కారు అద్దానికి నీలికన్ను. రక్ష కోసం మనిషి వేసుకునే ముళ్ల వెనక ఉన్నదేమిటి?*

ఆపరేషన్ థియేటరు తలుపు ముందు స్ట్రెచరు ఆగింది. దానిమీద నాలుగేళ్ల పిల్లాడు. ఒంటిమీది ఆకుపచ్చ గౌను వాడికి రెండింతలుంది. నర్సు వాణ్ణి ఒకసారి తల నుంచి కాళ్లదాకా తడిమి చూసింది. మెళ్లో నల్లదారం, దానికో రాగి తాయెత్తు. మొలకి వెండి మొలతాడు. కుడికాలికి దిష్టిపూసలు.

"ఇవన్నీ తీసెయ్యాలమ్మా. ఒంటిమీద ఏదీ ఉండకూడదు" అంది.

తల్లి వంగి మొలతాడు విప్పుతుంటే నాయనమ్మ అడ్డుపడింది. "అన్నీ తియ్యి తల్లీ, ఆ మెళ్లోది మాత్రం ఉండనియ్యి. పుట్టినకాడ్నించీ వాడి ఒంటిమీంచి దిగలేదది."

నర్సు వాదించలేదు. కత్తెర తీసుకోలేదు. బిగుసుకుపోయిన ముడిని గోటితో ఓపిగ్గా విప్పి, తాయెత్తును ఆవిడ అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. "వాడు బయటికొచ్చేదాకా మీ దగ్గరుంచుకోండి. మీ దగ్గరుంటే వాడి దగ్గరున్నట్టే."

మా బంధువుల కోసం వెళ్లి అదే వరండాలో కూర్చున్నాను నేను. తలుపు మీది ఎర్రబల్బు రెండు గంటలు వెలిగింది. ఆ రెండు గంటలూ ఆవిడ గుప్పిట తెరవలేదు. కోడలు తెచ్చిన టీ ఎడమచేత్తోనే తాగింది. పిల్లాణ్ణి బయటికి తెచ్చాక, వాడింకా మత్తులో మూలుగుతుండగానే, ముందు ముడి వేసి, ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది.

లోపల పిల్లాణ్ణి కాచింది డాక్టర్లు, మత్తుమందు, ఆక్సిజను. తాయెత్తు కాచింది బయట కూర్చున్న ముసలావిడని. అది నా కళ్లతో చూశాక, ఏమిటి ఈ దారం, ఎందుకు మనిషికి ఇది ఇంతగా కావాలి అని వెతకడం మొదలుపెట్టాను.

ఇప్పుడంతా మాలల కాలం

కొన్నాళ్లుగా ఎవరి మెడ చూసినా నల్లపూసల దండే. కరుంగాలి మాల. తమిళ సినిమావాళ్ల మెడల్లో కనిపించి, అక్కణ్ణుంచి మన హీరోల మెడల్లోకి, వాళ్లనుంచి కాలేజీ కుర్రాళ్ల దాకా వచ్చేసింది. ఎబొనీ జాతి చెట్ల నల్లటి చేవతో చేసిన పూసలు అని చెబుతారు. కుజదోషం పోతుందని ఒకరు, ఉద్యోగం వస్తుందని ఇంకొకరు, కంటిదెబ్బ తగలదని మరొకరు. గుడి ముందు తోపుడుబండి మీద వంద రూపాయలకూ దొరుకుతుంది, ఫోనులో వేల రూపాయలకూ దొరుకుతుంది. అసలుదో కాదో చూపించడానికి అమ్మేవాళ్లు గ్లాసు నీళ్లలో పూస వేస్తారు. అది బుడుంగున మునుగుతుంది. ముదురు ఎబొనీ చేవ నీటికన్నా బరువు కాబట్టి మునుగుతుంది. ఆ ఒక్క పరీక్షతో చెట్టు సంగతి కొంత తెలుస్తుందేమో గానీ కుజుడి సంగతి తెలియదు.

ఆ బండి మీదే పక్కన కాశీదారాలు, పంచలోహ కడియాలు, గాజుతో చేసిన నీలికళ్లు. నీలికన్ను టర్కీది. అక్కడ పసిపిల్లల జుబ్బాకి పిన్నీసుతో గుచ్చుతారు. ఇక్కడికొచ్చి కారు అద్దానికి వేలాడుతోంది, నిమ్మకాయ మిరపకాయల పక్కనే. చోటు కోసం రెండూ దెబ్బలాడుకోవడం లేదు. భయం ఒకటే అయినప్పుడు దేవుళ్లకూ దేశాలకూ పేచీ ఉండదు.

కానీ ఈ బండి ముందు నిలబడితే నాకొకటి వెలితిగా తోచింది. కొన్నవాడే మెళ్లో వేసుకుని వెళ్లిపోతున్నాడు. కట్టేవాళ్లెవరూ లేరు.

గొట్టం, మూత, లక్క

నా చిన్నప్పుడు మా ఊళ్లో అవుసలాయన తాయెత్తు చేస్తుంటే కుంపటి పక్కన గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి. తమలపాకంత పలచగా కొట్టిన వెండి రేకుని చిటికెన వేలి వెడల్పున కత్తిరించేవాడు. ఇనపకంబీ చుట్టూ దాన్ని చుట్టి, అంచులు కలిసినచోట వెలిగారం రాసి, ఊదుగొట్టంతో దీపం మంటని సూదిలా సన్నగా దానిమీదికి ఊదేవాడు. టంకం కరిగి గీతలా పాకేది. కంబీ లాగేస్తే గొట్టం. ఒక చివర మూత, పైన దారం దూరడానికి రెండు కొండ్లు. రెండో చివర మాత్రం తెరిచి ఉంచేవాడు.

"లోపల ఏం పెడతారు బాబాయ్?" అని అడిగితే, "అది నా పని కాదురా. ఇంట్లోవాళ్ల పని" అనేవాడు. వాళ్లు తెచ్చిందేదో చూడకుండానే లోపల దూర్చి, లక్క కరిగించి, రెండో మూత పెట్టేసేవాడు.

ఏం తెచ్చేవారు? ఆంజనేయస్వామి సిందూరం, దర్గాలో కుంకుమపువ్వు సిరాతో రాసిచ్చిన కాగితం మడత, వసకొమ్ము ముక్క. అన్నిటికన్నా ఎక్కువగా, పిల్లాడి బొడ్డు. పుట్టిన వారం పది రోజులకి రాలిపడే ఎండు బొడ్డుని అమ్మమ్మ గుడ్డముక్కలో కట్టి దాచేది. అది తాయెత్తులోకి, తాయెత్తు మొలతాడుకి. తల్లికీ బిడ్డకీ మధ్య తెగిన తాడుని మళ్లీ బిడ్డకే కట్టడమన్నమాట. నాకైతే ఇంతకన్నా అందమైన ఆచారం కనపడదు.

దీనిమీద ఇప్పుడు వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది: మన పూర్వీకులకి స్టెమ్‌సెల్స్ సంగతి తెలుసు, అందుకే బొడ్డు దాచారు అని. ఎండి రాలిన బొడ్డులో బతికున్న కణం ఒక్కటీ మిగలదు. బొడ్డుతాడు రక్తం భద్రపరిచే బ్యాంకులు కాన్పు అయిన వెంటనే దాన్ని సేకరించి, ద్రవ నైట్రోజన్‌లో సున్నాకి 196 డిగ్రీల దిగువన ఉంచుతాయి. వెండిగొట్టంలో అది జరగదు. జరిగిందని చెప్పుకోవాల్సిన అవసరమూ లేదు. మా అమ్మ నా తాయెత్తుని ఇప్పటికీ ట్రంకుపెట్టెలో అడుగున దాచింది. దాని ఒక మూల సొట్టపోయి ఉంటుంది. పళ్లొచ్చే వయసులో నేను కొరికిన గుర్తు. అది దాచుకోవడానికి ఆవిడకి ఏ సైన్సూ అక్కర్లేదు.

> బాక్సు: ఎక్కడెక్కడ ఏమేమి
>
> రోము: పురాతన రోములో స్వతంత్రుల ఇళ్ల మగపిల్లల మెడలో 'బుల్లా' అనే బోలు పతకం కట్టేవారు, లోపల రక్షవస్తువు పెట్టి. యుక్తవయసు రాగానే దాన్ని విప్పి ఇంటిదేవతలకు సమర్పించేవారు.
>
> జపాను: గుళ్లలో ఇచ్చే 'ఒమామొరి' జరీగుడ్డ సంచిలా ఉంటుంది. విప్పి చూడకూడదు. ఏడాది తర్వాత గుడికే తిరిగిచ్చి కొత్తది తెచ్చుకోవడం ఆనవాయితీ. పరీక్షలకి ఒకటి, ప్రయాణానికి ఒకటి, సుఖప్రసవానికి ఒకటి.
>
> ఈజిప్టు: పేడపురుగు బొమ్మనీ, హోరస్ దేవుడి కంటినీ బతికున్నవాళ్లకే కాదు, మమ్మీలకి కూడా కట్టారు.
>
> థాయిలాండు: అరచేతిలో పట్టే బుద్ధుడి బిళ్లలు. వీటి కోసం ప్రత్యేకంగా అంగళ్లే ఉంటాయి.

వెయ్యికి 129 మంది

తాయెత్తుల్లో ఎక్కువ భాగం పసిపిల్లలకే ఎందుకు? జవాబు ఒక అంకెలో ఉంది. 1971లో మనదేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2023 నాటికి ఆ సంఖ్య 25కి తగ్గింది. అంటే మన అమ్మమ్మల కాలంలో ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక పసిగుడ్డు జ్ఞాపకం ఉండేది. విరేచనాలని, ధనుర్వాతాన్ని, న్యుమోనియాని చూసి గుర్తుపట్టే వైద్యం ఊళ్లో లేదు. నిన్న సాయంత్రం కేరింతలు కొట్టిన పిల్ల ఇవాళ పొద్దున లేదు. నిన్న వచ్చి 'ఎంత ముద్దుగా ఉందో' అన్న ముత్తైదువ మాత్రం గుర్తుంది. కన్ను తగిలిందన్నారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందన్నారు.

అందుకే దారంతోనే ఆగలేదు. పేరుని కూడా తాయెత్తు చేశారు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి ఎవరిచేతనో తీయించి పెంటయ్య అని పిలిచారు. ఎంగిలి విస్తళ్ల మీద పెట్టి తీసి పుల్లయ్య అన్నారు. ఉత్తరాంధ్రలో అయితే చారెడు తవుడు ఇచ్చి కొన్నట్టు నటించి తవుడు అని, తవిటమ్మ అని పెట్టుకున్నారు. ఇంత విలువలేనిదాని జోలికి మృత్యువు రాదులే అని ఆశ. ఇవాళ కాన్వెంటులో తాతపేరు చెప్పడానికి సిగ్గుపడే మనవళ్లున్నారు. ఆ పేరు పెట్టిన రోజు ఆ తల్లి ఎంత ఏడ్చి ఉంటుందో వాళ్లకి ఎవరైనా చెప్పాలి.

మా అమ్మమ్మ సాయంత్రం దీపాలవేళ పిల్లలందర్నీ తూర్పుముఖంగా కూర్చోబెట్టేది. గుప్పిట్లో రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు. ఇరుగువాళ్లది, పొరుగువాళ్లది, దారినపోయేవాళ్లది, చివరికి తన సొంత కన్ను కూడా పేరుపేరునా పిలిచి, మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల కోర వస్తే మామూలే, రాకపోతే 'చూశావా ఎంత దిష్టి ఉందో' అనేది. ఆ జాబితాలో తన కన్ను కూడా ఎందుకు చేర్చేదో అప్పుడు తెలియలేదు. ప్రేమగా చూసినా తగులుతుందని భయం. బుగ్గన నల్లచుక్క పెట్టేది అందుకే. భోగినాడు రేగుపళ్లు, చిల్లరడబ్బులు, చెరుకుముక్కలు పిల్లల నెత్తిన పోసేదీ అందుకే.

శరణు అనే ఒక్క మాట

ఈ అలవాటు వయసు ఎంతో చెప్పడం కష్టం. అథర్వణవేదంలో రకరకాల చెట్ల నుంచి, దర్భ నుంచి చేసిన 'మణులు' కట్టుకునే సూక్తాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ మణి అంటే రక్షగా కట్టుకునేది. భాగవతంలో పూతన చచ్చాక, గోపికలు బాలకృష్ణుడి చుట్టూ ఆవుతోక తిప్పి, గోధూళి చల్లి రక్ష కడతారు. లోకాలన్నీ తన కడుపులో ఉన్నవాడికి యశోద వాకిట్లో దిష్టి తీశారు! తల్లుల దగ్గర దేవుడికి కూడా మినహాయింపు లేదన్నమాట. పెళ్లిలో వధూవరుల చేతికి కట్టే కంకణం, శ్రావణ పౌర్ణమి రాఖీ, అన్నీ ఈ దారానికి చుట్టాలే.

అటు తావీజ్ అనే అరబ్బీ మాటకి మూలం 'శరణు కోరడం'. ఇటు రక్ష అంటే కాపాడడం. షాద్‌నగర్ దగ్గర జహంగీర్ పీర్ దర్గాకి ఆదివారం పూట వెళ్లి చూడండి. బొట్టు పెట్టుకున్న తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడి ఉంటారు. ముజావర్ నెమలిపింఛాల కట్టతో పిల్లాడి తలమీద నిమిరి దారం కడతాడు. ఆ తల్లికి అది ఏ మతం దారమన్న ప్రశ్నే రాదు. చెయ్యి చల్లనిదా కాదా అన్నదే చూసుకుంటుంది.

> బాక్సు: రెండు మతాలు, ఒకే గళ్లు
>
> దర్గాలో రాసిచ్చే తావీజుల్లో తరచు కనిపించే తొమ్మిది గళ్ల చదరం ఇది:
>
> 4 9 2
> 3 5 7
> 8 1 6
>
> అడ్డంగా, నిలువుగా, మూలలకీ ఎటు కూడినా 15. నాలుగు మూలల్లో 2, 4, 6, 8.
>
> గుడి ముందు అమ్మే సూర్యయంత్రం రాగిరేకు చూడండి:
>
> 6 1 8
> 7 5 3
> 2 9 4
>
> మొదటి చదరాన్ని తలకిందులుగా తిప్పితే ఇదే. ప్రతి గడిలోనూ ఒకటి కలిపితే మొత్తం 18 వచ్చే చంద్రయంత్రం. అలా మూడేసి పెరుగుతూ కేతువు దగ్గర 39 అవుతుంది. కుబేరయంత్రంలో 20 నుంచి 28 దాకా అంకెలుంటాయి, మొత్తం 72. చైనావాళ్లు ఈ 15 చదరాన్నే 'లో షూ' అని పిలుచుకుంటారు.

కయ్య వేరు, సముద్రం వేరు

మంత్రాలూ రక్షలూ మనిషికి ఎప్పుడు అవసరమవుతాయో వందేళ్ల కిందటే మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త గమనించాడు. పపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో జాలర్లు ఉప్పుకయ్యల్లాంటి నిలకడ నీళ్లలో చేపలు పట్టడానికి ఏ మంత్రమూ చదవరు. చేపలు దొరుకుతాయి, ప్రాణభయం లేదు. అదే జాలర్లు నడిసముద్రానికి పోయేటప్పుడు మాత్రం మంత్రం లేకుండా పడవ కదలనివ్వరు.

ఇది చదువుతుంటే నాకు విశాఖ ఫిషింగ్ హార్బరు కళ్లముందు కదిలింది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అది ముగిసే రోజు బోట్ల ముక్కులకి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండలు. గంగమ్మకి మొక్కులు. ఆ బోట్లలో జీపీఎస్ ఉంది, వైర్‌లెస్ ఉంది, వాతావరణ హెచ్చరిక ఫోనుకే వస్తుంది. అయినా నిమ్మకాయ ఉంది. జీపీఎస్ దారి చెబుతుంది, తిరిగొస్తావని చెప్పదు.

ఇక తాయెత్తు నిజంగా గెలిపిస్తుందా అంటే, 2010లో జర్మనీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. 'ఇది అదృష్టం బంతి' అని చెప్పి ఇస్తే గోల్ఫ్‌లో గురి బాగా కుదిరిందన్నారు. పత్రికలన్నీ రాశాయి. 2014లో వేరేవాళ్లు ఎక్కువమందితో అదే మళ్లీ చేసి చూస్తే ఏ తేడా కనపడలేదు. ఈ రెండో వార్త మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. పరీక్షహాల్లో పిల్ల చేతికున్న దారం మార్కులు తేదు. గుండె దడ కాస్త తగ్గిస్తే అది చాలు. అంతకుమించి ఆశపెట్టేవాడు మోసం చేస్తున్నట్టే.

దారం ప్రాణం తీసేచోట

ఇక్కడ నా గొంతు మారుతుంది, మన్నించండి. ముసలావిడ గుప్పిట్లోని తాయెత్తుని ఎంత ప్రేమిస్తానో, దాన్ని అడ్డుపెట్టుకుని జరిగేవాటిని అంత ద్వేషిస్తాను.

పాముకాటు సంగతి చూడండి. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సగటున ఏటా 58 వేలమంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసివున్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీటిలో చాలా చావులు పొలాల్లో, పల్లెల్లో. కాటుపడిన తర్వాత మంత్రం వేయించి, తాయెత్తు కట్టించి, 'తెల్లారేదాకా చూద్దాం' అనుకున్న గంటలే ప్రాణం తీస్తాయి. విషానికి విరుగుడు యాంటీవీనమ్ ఒక్కటే. అది ప్రభుత్వాసుపత్రిలో ఉంటుంది. కట్టించుకోదలిస్తే దారం ఆ ఆసుపత్రి మంచం మీద కూడా కట్టించుకోవచ్చు.

పసిపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. 2009లో న్యూయార్క్‌లో ఏడాది వయసు పిల్లాడి రక్తంలో సీసం ఎక్కువగా తేలింది. ఎక్కడిదా అని వెతికితే, కంబోడియా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తు పూసల్లో దొరికింది. వాడు దాన్ని నోట్లో పెట్టుకునేవాడు. నేను కొరికిన వెండి తాయెత్తు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. కంటికి పెట్టుకోవడానికి బజారులో దొరికే కొన్ని సుర్మాల్లోనూ సీసమే ప్రధానం. దిష్టిచుక్క బుగ్గన పెట్టండి, అరికాల్లో పెట్టండి, కంట్లో మాత్రం వద్దు.

ఇక మూగజీవాలు. 'హత్తాజోడీ' అని చేతులు జోడించినట్టుండే అపురూపమైన వేరు అమ్ముతున్నారు, ఇంట్లో పెట్టుకుంటే ధనం వస్తుందని. 2017లో పరిశోధకులు పరీక్షించి చూస్తే అది వేరు కాదు, ఉడుము జననాంగం ఎండబెట్టినది. పూజగదిలో పసుపు కుంకుమలతో కొలుస్తున్నది దాన్నన్నమాట. నక్కకొమ్మని, పులిగోరని, ఏనుగు తోకవెంట్రుకని, రెండుతలల పామని, అలుగు పెంకు ఉంగరమని ఈ జాబితా పెద్దది. నక్కకి కొమ్ముండదు. రెండుతలల పాముకి ఒకటే తల, తోక మొద్దుగా ఉంటుంది అంతే. పోయిన ప్రాణం మాత్రం నిజం.

> బాక్సు: చట్టం ఏమంటోంది
>
> 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం: రోగం నయం చేస్తుందని తాయెత్తులకీ, కవచాలకీ, మంత్రాలకీ ప్రకటనలివ్వడం నేరం.
>
> 2021 జనవరి: అద్భుత శక్తులున్నాయంటూ టీవీల్లో యంత్రాల ప్రకటనలు వేయడం చట్టవిరుద్ధమని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తీర్పిచ్చింది. దానికి ఆధారం మహారాష్ట్ర 2013లో చేసిన మూఢాచార నిరోధక చట్టం.
>
> 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం: అసలైన పులిగోరు మెళ్లో వేసుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2023 అక్టోబరులో కర్ణాటకలో ఒక టీవీ షో పోటీదారుణ్ని పులిగోరు లాకెట్ వేసుకున్నందుకు అటవీ అధికారులు షో జరుగుతున్నచోటే అరెస్టు చేశారు.

"నాణెం ఇచ్చేశావా?"

రెండేళ్ల కిందట మా అమ్మాయి పైచదువుకి అమెరికా వెళ్లింది. అర్ధరాత్రి విమానం. సాయంత్రమే మా అమ్మ కాశీదారం కట్టింది. తొమ్మిదింటికి పక్కింటి ఖాలా వచ్చారు, చేతిలో పట్టుగుడ్డ ముక్క. అందులో రూపాయి నాణెం పెట్టి, చుట్టి, మా అమ్మాయి కుడి జబ్బకి కట్టారు. ఇమామె జామిన్. పూచీ పడిన ఇమాం అని అర్థం. ఎనిమిదో ఇమాం అలీ రజా పేరుమీద ప్రయాణికులకి కట్టడం హైదరాబాద్‌లో తరాలుగా ఉంది. ఆయన సమాధి ఇరాన్‌లోని మష్హద్‌లో ఉంది. ముడి వేస్తూ ఖాలా పెదవులు కదులుతున్నాయి. వేశాక ఒక్క మాటే చెప్పారు: "చేరినాక విప్పి ఆ పైసలు గరీబుకి ఇచ్చెయ్ బేటీ. ఇస్తేనే సఫర్ పూరా."

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆ ఉబ్బెత్తు ఏమిటని అడిగారట. చెప్పగానే కానిస్టేబులమ్మ నవ్వి, "మా ఊళ్లో కూడా కడతారు" అని పంపేసిందట.

మర్నాడు రాత్రి ఫోను. అమ్మాయి చేరింది. గది దొరికింది, చలిగా ఉంది, అన్నం వండుకుంది. అన్నీ అయ్యాక ఖాలా ఫోను తీసుకున్నారు. "నాణెం ఇచ్చేశావా?"

"రూపాయి ఇక్కడ ఎవరికి పనికొస్తుంది ఖాలా? బస్టాండు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉంటే శాండ్‌విచ్ కొనిచ్చాను."

"తిన్నాడా?"

"నా ముందే తిన్నాడు."

ఖాలా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ రూపాయి నీ దగ్గరే ఉంచు. వచ్చేటప్పుడు ఎవరు కడతారు నీకు అక్కడ? నువ్వే కట్టుకో" అన్నారు.

ఆ రూపాయి ఇప్పటికీ దాని పర్సులో ఉంది, పట్టుగుడ్డలోనే. పోయినసారి వీడియోకాల్‌లో చూపించింది. తనే కట్టుకోదట. వాళ్ల గదిలో నెల్లూరు అమ్మాయి ఉంది, ఆ పిల్లచేత కట్టించుకుంటానంది.